అడగడం నేర్చుకున్న కాక్‌పిట్

1989 జులై 19న డెన్వర్ నుంచి షికాగో బయల్దేరిన యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 232వ నంబరు విమానం అయోవా రాష్ట్రం మీద 37 వేల అడుగుల ఎత్తున ఉండగా దాని తోకలోని ఇంజిన్ పగిలిపోయింది. ఆ దెబ్బకు విమానాన్ని పైకీ కిందికీ, కుడికీ ఎడమకీ తిప్పే సాధనాలన్నీ ఒక్కసారిగా చచ్చుబడ్డాయి. కాక్‌పిట్‌లోని నలుగురు మిగిలిన రెండు ఇంజిన్లను పెంచుతూ తగ్గిస్తూ 44 నిమిషాలు దాన్ని గాలిలో నిలిపి, సూ సిటీ విమానాశ్రయం దాకా తెచ్చారు. అందులో ఉన్న 296 మందిలో 184 మంది బతికారు. ఈ ఘటనను చాలామంది కెప్టెన్ ఆల్ఫ్రెడ్ హేన్స్ నిబ్బరం కథగా చెబుతారు. ఆ నిబ్బరం నిజమే. కానీ చుక్కాని ఊడిన పడవను ఒడ్డుకు చేర్చింది ఒక్క మనిషి ధైర్యమేనంటే మాత్రం చరిత్రకు అన్యాయం చేసినట్టే. అంతకుముందు పదేళ్లలో కాక్‌పిట్‌లో ఒక ఆచారం మారింది. పెద్దవాడు తనకు తెలియదని ఒప్పుకుని అడగడం, చిన్నవాడు జంకకుండా చెప్పడం అలవాటైంది. సూ సిటీలో పని చేసింది ఆ అలవాటు. అది ఎలా పుట్టిందో, ఎక్కడ పనికొచ్చిందో, ఎక్కడ ఇంకా అడుగు పెట్టలేదో చూడకుండా ఆ 44 నిమిషాలు అర్థం కావు.

కెప్టెన్ అనే మాట విమానాలకు ఓడల నుంచి వచ్చింది. మాటతో పాటు దాని దర్జా కూడా వచ్చింది. నడిసంద్రంలో ఓడ కెప్టెన్‌కు ఎదురు చెప్పేవాడు లేనట్టే, కాక్‌పిట్‌లోనూ కెప్టెన్ మాటే శాసనం. పక్కన కూర్చునే ఫస్ట్ ఆఫీసరు, వెనక మీటర్లు చూసే ఫ్లైట్ ఇంజినీరు అడిగినప్పుడు జవాబు చెప్పడమే పద్ధతి. ఈ పద్ధతికి ఎంత ఖర్చవుతుందో 1977 మార్చి 27న తెలిసింది. కానరీ దీవుల్లోని టెనెరిఫేలో మంచు కమ్మిన రన్‌వే మీద రెండు బోయింగ్ 747లు గుద్దుకుని 583 మంది చనిపోయారు. పరుగందుకున్న కేఎల్ఎం విమానంలో ఫ్లైట్ ఇంజినీరుకు, ఎదుటి విమానం రన్‌వే మీంచి తప్పుకుందా అని అనుమానం వచ్చింది. అడిగాడు కూడా. ఆ కెప్టెన్ సంస్థలోని పైలట్లకు శిక్షణ ఇచ్చే పెద్ద. తప్పుకుందని ఆయన గట్టిగా అనేసరికి ఆ ప్రశ్న అక్కడితో ఆగిపోయింది. మరుసటి ఏడాది డిసెంబరు 28న పోర్ట్‌లండ్ దగ్గర యునైటెడ్ వారి డీసీ-8 చక్రాలు సరిగ్గా దిగాయో లేదో తేల్చుకోవడానికి గంటసేపు ఊరి చుట్టూ తిరిగి, ఇంధనం అయిపోయి కూలింది. పదిమంది పోయారు. ఇంధనం అడుగంటుతోందని మిగతా ఇద్దరికీ తెలుసు. ఆ మాట అన్నారు, కానీ కెప్టెన్ చెవికెక్కేలా నొక్కి చెప్పలేదు.

పోర్ట్‌లండ్ ప్రమాదం మీద విచారణ జరిపిన అమెరికా రవాణా భద్రతా బోర్డు, కెప్టెన్లకు కలుపుకుపోవడం, కింది వాళ్లకు గట్టిగా చెప్పడం నేర్పాలని సిఫారసు చేసింది. 1979లో నాసా శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక సదస్సు పెట్టింది. అందులో ముఖ్యుడైన మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ లాబర్ 'కాక్‌పిట్ రిసోర్స్ మేనేజ్‌మెంట్' అన్న పేరును వాడుకలోకి తెచ్చారు. కాక్‌పిట్‌లో ఉన్న బుర్రలన్నీ వాడుకోవాలని దాని సారాంశం. 1980ల మొదట్లో యునైటెడ్ తన పైలట్లందరికీ ఈ శిక్షణ మొదలుపెట్టింది. ఇదేదో మర్యాదలు నేర్పే బడి అని విసుక్కున్న పాత కెప్టెన్లు చాలామందే ఉన్నారు. విమానం నడపడం చేతి పని, కబుర్లతో ఎగురుతుందా అన్నది వాళ్ల అభ్యంతరం. అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. చేతికి పట్టు దొరికినంత కాలం వాళ్ల మాటలో బలం ఉంది. పట్టే లేనప్పుడు చెయ్యి ఏం చేస్తుంది?

ఆ పట్టు ఎలా పోతుందో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. చిన్న విమానంలో పైలట్ చేతి బలం ఉక్కు తీగల గుండా వెళ్లి రెక్క చివర, తోక చివర ఉన్న పలకలను కదుపుతుంది. 232వ నంబరు విమానం డీసీ-10 రకానిది. అలాంటి పెద్ద విమానంలో ఆ పలకలు చాలా పెద్దవి. అంత వేగంతో వచ్చే గాలికి ఎదురుగా వాటిని కదపడం మనిషి తరం కాదు. చదరపు అంగుళానికి 3000 పౌండ్ల ఒత్తిడితో గొట్టాల్లో ఉండే హైడ్రాలిక్ ద్రవం ఆ పని చేస్తుంది. ఒకటి పోతే ఇంకొకటి ఉండాలని అలాంటి ఏర్పాట్లు మూడు పెట్టారు. మూడూ ఒకేసారి పోవడం జరగనే జరగదన్న నమ్మకంతో, పోతే ఏం చెయ్యాలో ఏ పుస్తకంలోనూ రాయలేదు. కానీ మూడింటి గొట్టాలూ తోకలో దగ్గర దగ్గరగానే సాగుతాయి. మూడు గదులకు మూడు తాళాలు వేసి, చెవులన్నీ ఒకే గుత్తికి కట్టినట్టన్నమాట. తోక ఇంజిన్ ముందు తిరిగే పంకా మధ్యలోని టైటానియం చక్రం బద్దలైనప్పుడు ఆ ముక్కలు రెండు వ్యవస్థల గొట్టాలను కోసేశాయి. మూడోది ఇంజిన్‌తో పాటే పోయింది. ద్రవం ఎంత ఉందో చూపే మూడు మీటర్లూ సున్నాకు పడిపోయాయి.

విమానం నడిపిస్తున్న ఫస్ట్ ఆఫీసర్ విలియం రికార్డ్స్ చక్రాన్ని పూర్తిగా ఎడమకు తిప్పి పట్టుకున్నా, విమానం మాత్రం కుడికే ఒరిగిపోతోంది. ఇంకొంచెం ఒరిగితే తిరగబడేదే. హేన్స్ ఎడమ ఇంజిన్‌ను తగ్గించి, కుడి ఇంజిన్‌ను పెంచి దాన్ని లేపారు. అక్కణ్నుంచి చివరిదాకా ఇంజిన్ల జోరు మార్చే ఆ రెండు మీటలే, అంటే థ్రాటిళ్లే, వాళ్లకు దిక్కు. అయితే పట్టు లేని విమానం తిన్నగా పోదు. ముక్కు దించి వేగం పుంజుకుంటుంది, పుంజుకున్న వేగంతో ముక్కెత్తి పైకి పోతుంది, వేగం తగ్గి మళ్లీ ముక్కు దించుతుంది. ఒక్కో అల దాదాపు నిమిషం. దాన్ని అణచాలంటే, ముక్కు దిగి వేగం పెరుగుతున్నప్పుడే ఇంజిన్‌ను ఇంకా పెంచాలి. ముక్కు లేచి వేగం తగ్గుతున్నప్పుడు ఇంజిన్‌ను తగ్గించాలి. ఏ పైలట్ చేతికైనా ఇది తలకిందుల పని. పైగా కుడి పక్కకు ఒరిగిపోకుండా రెండు ఇంజిన్లకూ వేర్వేరు లెక్క వెయ్యాలి. వేసిన లెక్కకు ఫలితం వెంటనే కనబడదు, కాసేపు ఆగితే గానీ తెలియదు.

ఇక్కడే ఆచారం సంగతి వస్తుంది. ఫ్లైట్ ఇంజినీర్ డడ్లీ డ్వొరాక్ శాన్‌ఫ్రాన్సిస్కోలోని మరమ్మతు కేంద్రానికి రేడియోలో సంగతి చెప్పారు. మూడూ పోయాయంటే అక్కడి నిపుణులు నమ్మలేక మళ్లీ మళ్లీ అదే ప్రశ్న వేశారు. వాళ్ల దగ్గర ఇచ్చేందుకు సలహా లేదు. అంతలో ప్రయాణికుడిగా కూర్చున్న డెన్నిస్ ఫిచ్ తాను డీసీ-10 శిక్షకుణ్నని, సాయపడగలనని కబురు పెట్టారు. హేన్స్ వెంటనే లోపలికి రమ్మన్నారు. ఫిచ్ మొదట వెనక్కి వెళ్లి కిటికీలోంచి రెక్కల మీద పలకలేవీ కదలడం లేదని చూసి వచ్చి, రెండు సీట్ల మధ్య నేల మీద మోకాళ్లూని, చెరో చేతిలో ఒక థ్రాటిల్ పట్టుకున్నారు. మధ్య థ్రాటిల్ చచ్చిన ఇంజిన్‌ది. దాన్ని వదిలేసి పక్కనున్న రెండింటినీ వేర్వేరుగా కదిలిస్తూ, కెప్టెన్ ఏం కావాలంటే అది చేస్తూ, తనకు తోచింది చెబుతూ చివరిదాకా ఆ థ్రాటిళ్లతోనే ఉన్నారు. పాత ఆచారంలో పెరిగిన కెప్టెన్ అయితే తన విమానం థ్రాటిళ్లను డ్యూటీలో లేని మనిషి చేతికి ఇచ్చేవారా? హేన్స్ ఆ తర్వాత ఎన్నో సభల్లో దీని గురించి మాట్లాడారు. ఆ నలుగురికీ కలిపి 103 ఏళ్ల అనుభవం ఉందని, అందులో ఒక్క నిమిషమైనా ఇలాంటి విమానం నడిపింది లేదని, అలాంటప్పుడు మిగతా ముగ్గురి కంటే తనకే ఎక్కువ తెలుసని ఎలా అనుకుంటానని అనేవారు. ఇది వినయంగా చెప్పిన మాట కాదు. జరిగింది జరిగినట్టు చెప్పిన సాక్ష్యం.

దీనికి గట్టి అభ్యంతరం జపాన్ నుంచి వస్తుంది. 1985 ఆగస్టు 12న టోక్యో నుంచి ఒసాకా వెళుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ 123వ నంబరు బోయింగ్ 747కు సరిగ్గా ఇదే దుస్థితి వచ్చింది. నాలుగు హైడ్రాలిక్ వ్యవస్థలూ పోయాయి. కెప్టెన్ మసామి తకహామా బృందం కూడా ఇంజిన్లతోనే 32 నిమిషాలు పోరాడింది. విమానం గున్మా కొండల్లో కూలి 524 మందిలో 520 మంది పోయారు. కలిసి పనిచేసినా ఫలితం ఇది అయితే, సూ సిటీ గొప్పంతా అదృష్టానిదే కదా అనవచ్చు. కానీ అక్కడ తోక మీది నిలువు రెక్క చాలామటుకు ఊడిపోయింది. విమానం తిన్నగా ఉండడానికి ఆధారమే లేదు, కింద కొండలు. ఆ పైలట్లు 32 నిమిషాలు దాన్ని గాలిలో ఉంచడమే అసాధారణం. నా వాదన ఆ ఆచారం ఉంటే అందరూ బతుకుతారని కాదు. బతికే అవకాశం ఏ కొంచెం మిగిలినా దాన్ని పట్టుకునే చేతుల సంఖ్యను అది పెంచుతుందని. సూ సిటీకి అదృష్టమూ కలిసొచ్చింది. పగటి వేళ, కింద మైదానం, విమానాశ్రయంలో నేషనల్ గార్డు దళం, అంతకు రెండేళ్ల ముందు చేసిన ప్రమాద సన్నాహ కసరత్తు. ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నా 112 మంది పోయారు. కుడి రెక్క ముందు నేలను తాకి, విమానం విరిగి, మొక్కజొన్న చేలోకి దొర్లింది. తర్వాత సిమ్యులేటర్‌లో ఎంతమంది పైలట్లు ప్రయత్నించినా ఆ స్థితిలో క్షేమంగా దించడం సాధ్యం కాలేదు. వీళ్ల పనితనం ఆశించదగ్గ దాన్ని ఎంతో మించిందని బోర్డు తన నివేదికలో తీర్పు చెప్పింది.

రెండో అభ్యంతరం సమయం గురించి. మాట్లాడుకోవడానికి 44 నిమిషాలుంటే సరే, కొన్ని సెకన్లే ఉంటే? 1991లో కొలరాడో స్ప్రింగ్స్‌లో 25 మందిని, 1994లో పిట్స్‌బర్గ్ దగ్గర 132 మందిని బలిగొన్న బోయింగ్ 737లలో చుక్కాని పలక పైలట్ తొక్కిన దానికి ఎదురు పక్కకు పూర్తిగా తిరిగింది. పిట్స్‌బర్గ్ విమానం అరనిమిషంలోపే నేలకూలింది. ఏ చర్చకూ వ్యవధి లేదు. ఒప్పుకుంటాను. కానీ ఆ చిక్కు ముడి విడింది 1996లో ఈస్ట్‌విండ్ సంస్థ విమానానికి అదే జరిగి, దాని పైలట్లు బతికి బయటపడి, పెడల్ ఎలా బిగుసుకుందో, విమానం ఎలా ఒరిగిందో విచారణాధికారులకు చెప్పాకే. ఆ సాక్ష్యం తోడయ్యాక 1999లో బోర్డు కారణం తేల్చింది, చుక్కానిని కదిపే కవాటం మార్చారు. గాలిలో వ్యవధి లేకపోయినా, నేల మీద వినేవాళ్లుంటే ఒకరి అనుభవం ఇంకొకరి ప్రాణం కాస్తుంది.

అసలు బాధ ఇక్కడే ఉంది. కాక్‌పిట్ నేర్చుకున్న పాఠాన్ని నేల మీది కార్యాలయాలు అదే శ్రద్ధతో నేర్చుకోలేదు. 1972 జూన్ 12న కెనడాలోని విండ్సర్ మీద అమెరికన్ ఎయిర్‌లైన్స్ డీసీ-10 సరుకు గది తలుపు ఊడింది. పైనున్న నేల కుంగి, దాని కిందుగా పోయే కంట్రోల్ తీగలు దెబ్బతిన్నాయి. కెప్టెన్ బ్రైస్ మెకార్మిక్ ఇంజిన్ల హెచ్చుతగ్గులతో దాన్ని డెట్రాయిట్‌లో దించారు. 67 మందీ బతికారు. ఆ తర్వాత రెండు వారాలకు, ఆ విమానం బాడీ తయారుచేసే కన్వేర్ సంస్థ ఇంజినీరు డాన్ యాపిల్‌గేట్ ఈ తలుపు మళ్లీ ఊడుతుందని, ఊడితే విమానమే పోతుందని పై అధికారులకు రాశారు. మార్పుల ఖర్చు ఎవరి మీద పడుతుందోనన్న లెక్కల్లో ఆ ఉత్తరం సంస్థ గడప దాటలేదు. 1974 మార్చి 3న పారిస్ దగ్గర టర్కిష్ ఎయిర్‌లైన్స్ డీసీ-10 తలుపు ఊడి 346 మంది చనిపోయారు. అలాస్కా ఎయిర్‌లైన్స్ 261 సంగతీ అంతే. 2000 జనవరి 31న కాలిఫోర్నియా తీరాన 88 మందితో సముద్రంలో పడిన ఆ విమానపు తోక స్క్రూకు గ్రీజు లేక మరలు అరిగిపోయాయి. 1997లో ఓక్లాండ్‌లో తనిఖీ చేసిన మెకానిక్ ఆ భాగం అరుగుదల హద్దుకు చేరిందని, మార్చాలని రాశారు. తర్వాతి షిఫ్టులో మళ్లీ కొలిచి, పర్వాలేదని విమానాన్ని వదిలారు. జపాన్ విమానాన్ని కూల్చినదీ అంతకు ఏడేళ్ల ముందు తోకలోని గోడకు వేసిన తప్పు అతుకే. సూ సిటీ విమానం చక్రంలో లోపం 1971లో లోహం కరిగించినప్పుడే చేరింది. దాన్నుంచి పాకిన పగులు తనిఖీలో కంటపడలేదు. పైలట్ల శిక్షణ కంటే యంత్రాల తనిఖీ మీద ఖర్చు పెట్టాలి కదా అని ఎవరైనా అంటే వాళ్లతో నాకు తగువు లేదు. ఆ తనిఖీలో కూడా కింది మనిషి మాట పైకి వినబడాలన్నదే నేననేది.

ఇంజిన్లతోనే విమానాన్ని దించే పని యంత్రమే చేసేస్తే? అదీ చేసి చూశారు. సూ సిటీ తర్వాత నాసాలో ఇంజినీరు బిల్ బర్చమ్ బృందం ఇంజిన్లతోనే విమానాన్ని నడిపే కంప్యూటర్ ఏర్పాటును తయారుచేసింది. 1995 ఆగస్టులో గోర్డన్ ఫుల్లర్టన్ ఆ ఏర్పాటుతో ఎండీ-11 విమానాన్ని ఎడ్వర్డ్స్ స్థావరంలో దించారు. పని చేస్తుందని రుజువైంది, అయినా ప్రయాణికుల విమానాల్లో దాన్ని పెట్టలేదు. 2003 నవంబరులో బాగ్దాద్‌లో క్షిపణి తగిలి మూడు హైడ్రాలిక్‌లూ పోయిన డీహెచ్ఎల్ సరుకు విమానాన్ని క్షేమంగా దించింది మళ్లీ ముగ్గురు మనుషులే. 2010లో సింగపూర్ నుంచి బయల్దేరాక ఇంజిన్ పగిలిన క్వాంటాస్ ఏ380లో యాదృచ్ఛికంగా ఐదుగురు పైలట్లున్నారు. తెరల మీద వరస కట్టిన హెచ్చరికలన్నీ పంచుకుని చూడడానికి వాళ్లకు దాదాపు యాభై నిమిషాలు పట్టింది. ఇప్పుడు కాక్‌పిట్‌లో ఇద్దరే ఉంటున్నారు. ఖర్చు తగ్గించుకోవడానికి సుదూర ప్రయాణాల్లో కొంతసేపు ఒక్కరితోనే నడపవచ్చా అని యూరప్‌లో అధ్యయనం చేయించారు. అందులో ఇద్దరున్నప్పటి భద్రతతో సమానమని రుజువు కాలేదు.

సూ సిటీ విమానంలో ఇంకో గొంతు కూడా ఉంది. ప్రయాణికుల దగ్గర ఉన్న సిబ్బందికి పెద్ద జాన్ బ్రౌన్. ఆ రోజు సీటు లేకుండా తల్లిదండ్రుల ఒళ్లో ఉన్న పసివాళ్లు నలుగురు. వాళ్లను దుప్పట్లు, దిండ్ల మధ్య నేల మీద పడుకోబెట్టి పట్టుకోమని ఆమె చెప్పారు. నిబంధనల పుస్తకంలో ఉన్నది అదే. నేలను తాకినప్పుడు ఆ బలానికి బిడ్డను పట్టుకుని ఉండడం ఏ తల్లి చేతులకూ సాధ్యం కాదు. ఆ నలుగురిలో ఒక బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత బ్రౌన్ ఏళ్ల తరబడి, పసిబిడ్డకూ విడిగా సీటు, బెల్టు ఉండాలని అమెరికా కాంగ్రెస్ ముందు సైతం చెప్పారు. భద్రతా బోర్డు ఆమె పక్షాన నిలిచింది. విమానయాన శాఖ మాత్రం, టికెట్ తప్పనిసరి చేస్తే కుటుంబాలు కార్లలో ప్రయాణిస్తాయని, రోడ్డు మీద అంతకంటే ఎక్కువమంది పోతారని వాదించి 2005లో ఆ ప్రతిపాదనను పక్కన పెట్టింది. దేశం లోపల కొద్దిపాటి దూరాలకు ఆ లెక్కలో అర్థం ఉందేమో గానీ, సముద్రాలు దాటేవాళ్లకు కారు ప్రయాణం అనే మాటే లేదు కదా. అదే శాఖ తల్లిదండ్రులకు మాత్రం బిడ్డను ఒళ్లో పెట్టుకోవద్దనే సలహా ఇస్తోంది. హైదరాబాద్ నుంచి డాలస్‌కో, న్యూజెర్సీకో రెండేళ్లలోపు బిడ్డతో బయల్దేరే వాళ్లకు నా మనవి ఒక్కటే. వీలుంటే ఆ బిడ్డకో సీటు కొనండి. అక్కడ కారులో వాడే బేబీ సీటు మీద, విమానంలోనూ వాడవచ్చని ఎర్ర అక్షరాల్లో రాసి ఉందేమో చూసి, దాన్ని వెంట తీసుకెళ్లండి.